ఒకే తల్లి ముక్కలు

జువేనా ఈత నేర్చుకోవడం వల్లే ఇదంతా జరిగిందని మా ఊళ్లో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేను ఆమె పక్కింటిదాన్ని. ఆమెతోపాటు అవే తాళ్ల మీద పనిచేసినదాన్ని. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పగలననుకుంటాను.

జాంజిబార్ తూర్పు తీరంలో ఆటు వేళకి సముద్రం పగడపు దిబ్బ దాకా వెనక్కి తగ్గుతుంది. బయటపడిన ఆ తడి ఇసుకే మా ఆడవాళ్లకి పొలం. అందులో కర్రలు పాతి, తాళ్లు కట్టి నాచు పెంచేవాళ్లం. అంతా మోకాటి లోతు పని. మెడ లోతుకి వెళ్లాల్సిన అవసరం ఏ ఆడదానికీ ఎప్పుడూ రాలేదు. వెళ్తే బాగుండదు కూడా. తర్వాత ఏటేటా వేసవిలో నీళ్లు కాగడం మొదలైంది. నాచు పాలిపోయి తెల్లగా అయి, ముట్టుకుంటే చేతిలోనే చిదికిపోయేది. ఒక ఏడాది పోయింది, మళ్లీ నాటాం. ఇంకో ఏడాది పోయింది, మళ్లీ నాటాం. ఆ పైన చాలామంది ఓపిక లేక కొబ్బరి పీచు పేనుకోవడానికి పోయారు.

అప్పుడే పెంబా దీవి నుంచి ఉస్సీ మాస్టారు వచ్చాడు. సన్నటి మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం కాకుండా తన కాళ్లు చూసుకునేవాడు. ఎవరో విదేశీ సంఘంవాళ్లు పంపారట. స్పాంజీలు పెంచడం నేర్పుతానన్నాడు. ఒళ్లు రుద్దుకునే స్పాంజీ సముద్రంలో బతికే ప్రాణి అని మాకు తెలుసు. దాన్ని పెంచొచ్చని మాత్రం తెలీదు.

"ఈత రావాలి. తాళ్లు లోతు నీళ్లలో ఉంటాయి" అన్నాడు.

వచ్చినవాళ్లలో సగం మంది అక్కడికక్కడే లేచి వెళ్లిపోయారు. జువేనా కూర్చునే ఉంది.

జువేనా పొడగరి. చేతులు మగవాళ్లవంత వెడల్పు. నవ్విందంటే వీధి చివర వినపడేది. భర్త మాకమే పడవ మీద చేపల వేటకి పోయేవాడు. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు కలగలేదు. పసరు మందులు తాగింది, పెద్దల దగ్గర దువాలు చేయించుకుంది. మాకమే మాత్రం ఏ మందూ తాగలేదు. తాగమని ఎవరూ అడగలేదు కూడా.

ఆమె పొడవు చొక్కా, పైజామా వేసుకుని, తలకి గుడ్డ బిగించి కట్టుకుని ఈత నేర్చుకుంది. మొదటి రోజుల్లో నీళ్లు మింగి మింగి, ఇంటికొచ్చి గుమ్మం ముందు కక్కుకునేది. మాకమే చూసి ఊరుకున్నాడు. తర్వాత పడవల దగ్గర ఎవరో అతన్ని ఆటపట్టించారు.

"ఏం మాకమే, ఇవాళ మీ ఇంట్లో వేటకి వెళ్లేదెవరు? నువ్వా, ఆవిడా?"

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇంక నీళ్లలోకి దిగొద్దన్నాడు. "మరి ఇంట్లోకి నూనె ఎవరు తెస్తారు?" అంది జువేనా. కొన్ని నెలలకి దక్షిణపు ఊళ్లలోంచి కజీజా అనే పడుచుపిల్లని రెండో పెళ్లి చేసుకొచ్చాడు. జువేనా తన చాప, వంట కుండలు తీసుకుని వాళ్లమ్మ వదిలిపోయిన పాత ఇంటికి, అంటే మా పక్కింటికి, వచ్చేసింది. మాకమే తలాక్ చెప్పలేదు, వచ్చి చూసిందీ లేదు.

ఆ బాధంతా ఆమె పనిలో పెట్టిందనిపిస్తుంది నాకు. మేమెవరమూ ఆమెలా నేర్చుకోలేకపోయాం.

పని ఇలా ఉండేది. దిబ్బ దగ్గర తల్లి స్పాంజీ ఉంటుంది. బతికున్నప్పుడు అది మనం చూసే స్పాంజీలా ఉండదు. నల్లగా, జిగురుగా, మేక కాలేయంలా ఉంటుంది. దాన్ని అడుగంటా పెకలించకూడదు. పాదం రాతికి వదిలేసి, పైభాగం పదునైన కత్తితో కోయాలి. ఆ పాదం మళ్లీ పెరుగుతుంది. కోసిన భాగాన్ని నీళ్లలోనే ఉంచి అగ్గిపెట్టె అంత ముక్కలు చేయాలి. పెద్ద సూదితో ఒక్కో ముక్కనీ తాటికి గుచ్చి, రెండు చివరలా సిమెంటు దిమ్మలు కట్టి, మధ్యలో తేలే బెండ్లు వేసి వదలాలి. ముక్క చావదు. రెండ్రోజుల్లో కోసినచోట కొత్త చర్మం వస్తుంది. ఏడాది దాటేసరికి గుప్పిట పట్టనంత అవుతుంది.

మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు మ్వాకా పెద్దమ్మ కత్తి పక్కన పెట్టేసింది. మాలో అందరికన్నా పెద్దదీ, నోటికి హద్దు లేనిదీ ఆవిడే.

"ముక్క కోసి తాటికి కడితే ఇంకోటి తయారవుతుందా? ఓరి దేవుడా, మాక్కూడా ఈ ఏర్పాటే చేసుంటే నీ సొమ్మేం పోయేది! మా ఆయన మొహం చూసే పని లేకుండా, చిటికెన వేలు కోసి దండెం మీద ఆరేసుకునేదాన్ని కదా!"

అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే జువేనా గుర్తొచ్చి ఎవరో ఆగిపోయారు. ఒకరి తర్వాత ఒకరం ఆగిపోయాం. జువేనా సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తకుండా అంది.

"కోసుకో పెద్దమ్మా. కాకపోతే ఆ వేల్లోంచి వచ్చేదానికి కూడా నీ నోరే వస్తుంది. ఊరు తట్టుకోవద్దూ?"

మళ్లీ నవ్వులు లేచాయి. మ్వాకా పెద్దమ్మ ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది, ముద్దుగా.

ఉస్సీ మాస్టారు మొదట మూడు తల్లుల్ని తెచ్చాడు. ఒకటి మా దిబ్బదే. మిగతా రెండూ ఉత్తరాన చాలా దూరపు దిబ్బలవి. మాది చకచకా పెరిగింది, గుండ్రంగా, మెత్తగా వచ్చింది. ఉత్తరపువి మొండిగా పెరిగాయి, వంకరగా వచ్చాయి. కొనేవాళ్లకి గుండ్రటివి కావాలి. అందుకని మా దిబ్బ తల్లినే కోస్తూ పోయాం. దాని ముక్కలు పెరిగాక వాటిని మళ్లీ ముక్కలు చేశాం. కొత్తగా చేరిన ప్రతి ఆడదానికీ పాతవాళ్ల తాళ్ల నుంచి ముక్కలిచ్చేవాళ్లం. చాలామటుకు జువేనా తాళ్ల నుంచే, ఎందుకంటే ఆమెవే బాగా వచ్చేవి. ఉత్తరపు రెండింటినీ, దిబ్బకీ ఒడ్డుకీ మధ్యనున్న మడుగు చివర ఒక దిమ్మ దగ్గర అలాగే వదిలేశాం.

ఒక పొద్దున జువేనా అక్కణ్నుంచి ఆదరాబాదరాగా ఈదుకుంటూ వచ్చింది.

"మాస్టారూ, ఆ చివర దానికి ఏదో అయింది. పొగ కక్కుతోంది! పీకేయనా?"

ఉస్సీ మాస్టారు వెంటనే నీళ్లలోకి దూకాడు. నేను కూడా వెంట వెళ్లాను. ఈత కళ్లద్దాలు పెట్టుకుని కిందికి చూస్తే నిజమే. స్పాంజీ మీదున్న కన్నాల్లోంచి తెల్లటి పొగ, పొయ్యిలో పచ్చి కట్టె పెట్టినట్టు, సన్నగా లేస్తోంది. జువేనా చెయ్యి చాచబోతే మాస్టారు పట్టుకుని ఆపాడు. పైకి తేలాక అతని మొహం పండగలా ఉంది.

"ఇది రోగం కాదు జువేనా. అది మగది. దాని బీజం వదులుతోంది. పక్కన ఉన్నది ఆడదైతే, నీళ్లు పీల్చుకునేటప్పుడు ఆ బీజం కూడా లోపలికి పోతుంది. గుడ్లు దాని ఒంట్లోనే ఉంటాయి. పిల్ల అక్కడే తయారవుతుంది."

"మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే?"

"చూసుకోడానికి కళ్లేవి దానికి?"

"అదృష్టం" అంది జువేనా. "తర్వాత?"

"తర్వాత పిల్లల్ని బయటికి వదిలేస్తుంది. ఆవగింజంత కూడా ఉండవు. ఒంటికి సన్నటి నూగు ఉంటుంది, దాంతో ఈదుతాయి. ఒక రోజో, రెండ్రోజులో. ఆలోపు మంచి రాయి దొరికితే అంటుకుని అక్కడే బతుకుతాయి. లేకపోతే లేదు. చాలామటుకు చేపల నోట్లోకే."

జువేనా బెండు పట్టుకుని తేలుతూ అడిగింది. "మరి మనం కోసి కట్టేవేంటి? అవి పిల్లలు కావా?"

"కావు. అవన్నీ ఆ తల్లే. ఒక్క మనిషే వంద చోట్ల నిలబడ్డట్టు. ఈదేవి మాత్రం వేరు. ఏ రెండూ ఒకలా ఉండవు."

ఆ ఏడాది వానలు తగ్గాక ఒకరోజు కజీజా మా వాకిట్లోకి వచ్చింది. మాకమే పడవ బద్దలైంది, వేట లేదు. ఇంట్లో కర్రపెండలం ఉడకబెట్టుకుని తింటున్నారని ఊరంతా తెలుసు. నేను జువేనాతోపాటు అరుగు మీద కూర్చుని తాళ్లు విప్పుతున్నాను.

"అక్కా..." అంది కజీజా.

"ఎవరే నీకు అక్క?"

ఆ పిల్ల కంగా గుడ్డ కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఆయన పంపించారు. నన్ను కూడా ఈ పనిలో చేర్చుకుంటారేమో అడగమన్నారు. మాస్టారుని అడిగితే, ముక్కలు నువ్వే ఇవ్వాలన్నారు."

"మాకమేయేనా పంపింది? నేను దిగితే పరువు పోయింది. నువ్వు దిగితే పోదేం?"

"నాకు ఈత రాదక్కా. నేను ఒడ్డువైపు, తక్కువ లోతులో కట్టుకుంటాలే."

జువేనా ఆ పిల్లని పైనుంచి కిందికి చూసింది. నడుం దగ్గర కట్టిన గుడ్డ కాస్త వదులుగా ఉంది. చూసింది జువేనా ఒక్కతే కాదు, నేను కూడా చూశాను. ఎన్నో నెలో తెలీదు కానీ కడుపుతో ఉంది.

జువేనా చేతిలోని ముడి విప్పడం అయిపోయాక, "రేపు ఆటుకి రా. సూది నీదే తెచ్చుకో" అంది.

మర్నాడు తన తాళ్లలో అన్నిటికన్నా మంచిదాన్ని ఎంచి, ఆ ముక్కలిచ్చింది. నేను దగ్గరుండి చూశాను. గుచ్చడం చేయి పట్టుకుని నేర్పింది. "గట్టిగా నొక్కకు, ముక్కలోని పాలు కారిపోతాయి. పిండి ముద్ద పట్టుకున్నట్టు పట్టుకో." కజీజా తన తాళ్లు ఒడ్డువైపు కట్టుకుంది.

ఈశాన్యపు గాలి కాలం వచ్చింది. ఆ ఏడు గాలే లేదు. నీళ్లు గంజిలా వెచ్చగా, కదలకుండా నిలిచిపోయాయి. కాళ్లు పెడితే చల్లదనం లేదు. దిబ్బ మీద పగడాలు ఎముకల్లా తెల్లబడుతున్నాయని వేటగాళ్లు చెప్పారు. ఉస్సీ మాస్టారు పొద్దుటా సాయంత్రం నీళ్లలో వేడి కొలుస్తూ, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ముందుగా కజీజా తాళ్ల మీద తెల్లటి మచ్చలు కనపడ్డాయి. నల్లటి చర్మం ఊడి, లోపలి పీచు బయటపడింది. రెండు మూడు రోజుల్లో కుళ్లు వాసన మొదలైంది. అది చచ్చిన ఎలకల వాసనకన్నా ఘోరం. కజీజా కంగారుపడి, చెడినవాటిని తీసేయడానికి రోజంతా ఆ ఎండలో నీళ్లలో వంగే ఉంది. ఆ వారంలోనే ఆమెకి కడుపు పోయింది.

ఊరికి ఇంకేం కావాలి? పిల్లల్లేని సవతి తన చేత్తో ముక్కలిచ్చింది. ఆ ముక్కలు కుళ్లాయి. కడుపు కుళ్లింది. రెండూ ఒకే నోట, ఒకే ఊపిరిలో అన్నారు.

ఒక పొద్దున మాకమే అక్క షరీఫా, కజీజా, ఇద్దరూ కలిసి ఒక బుట్ట మోసుకొచ్చి జువేనా గుమ్మంలో కుమ్మరించారు. నల్లటి నీళ్లు అరుగు కింద నుంచి మా వాకిట్లోకి కూడా పారాయి. ఈగలు ముసిరాయి.

"తీసుకో, నీ బిడ్డల్ని నువ్వే పెంచుకో!" అని అరిచింది షరీఫా. "ఇచ్చేటప్పుడు నవ్వుతూ ఇచ్చావు కదే! దాని కడుపు మీద నీ కన్ను పడ్డప్పుడే అనుకున్నా."

కజీజా మొహంలో నెత్తురు చుక్క లేదు. నిలబడలేక గోడ పట్టుకుంది. జువేనా గుమ్మంలో నిలబడి ఆ పిల్లనే చూసింది, షరీఫాని కాదు.

"దాన్ని ఎండలో ఎందుకు తిప్పుతున్నావు? పడుకోబెట్టు" అంది.

"చూశారా, మళ్లీ కన్నేస్తోంది!" షరీఫా కజీజా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఆ కుప్పని జువేనా, నేను పారలతో ఎత్తాం. ఆ శుక్రవారం నమాజు అయ్యాక మాకమే ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి, గుమ్మం బయటే నిలబడి తలాక్ చెప్పి వెళ్లిపోయాడు. జువేనా అప్పుడు చేపలు తోముతోంది. "విన్నాను" అని మాత్రం అంది.

తర్వాత అందరి తాళ్లకీ పాకింది. నావి, మ్వాకా పెద్దమ్మవి, అందరివీ. ఉస్సీ మాస్టారు తాళ్లు చుట్టే రేకుల పాకలో మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు. షరీఫా కూడా వచ్చింది, పనిలో లేకపోయినా.

"రోగం వచ్చింది వేడి వల్ల. అన్నిటికీ ఒక్కసారే వచ్చింది మాత్రం నా వల్ల" అన్నాడు మాస్టారు, తన కాళ్లనే చూసుకుంటూ. "మీ అందరి తాళ్ల మీదా ఉన్నది ఒక్క తల్లే. తొందరగా పెరుగుతోందని దాన్నే కోయించాను. ఆ ఒక్కదానికి ఈ వేడి పడలేదు. కాబట్టి దేనికీ పడలేదు. నాలుగైదు తల్లులవి కలిపి పెట్టాల్సింది. నాకు తెలిసి కూడా చేయలేదు."

"అయితే ముందు కజీజావే ఎందుకు పోయాయి?" అంది షరీఫా.

"ఒడ్డువైపు లోతు తక్కువ. ముందు కాగింది అక్కడి నీళ్లే."

"సరే. మరి దాని కడుపు సంగతేంటి? అది కూడా నీళ్లు కాగేనా?"

మాస్టారు అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "అది నాకు తెలీదు" అన్నాడు.

ఆ ఒక్క మాటే మిగిలింది జనానికి. ముందు చెప్పిందంతా నీళ్లలో కలిసిపోయింది. మాస్టారుకే తెలీదట అనుకుంటూ లేచారు. అప్పుడు జువేనా నిలబడింది.

"నా తాళ్లు కూడా చూసి వెళ్లండి. మీకు చెడ్డవి ఇచ్చి నేను మంచివి దాచుకున్నానేమో, వచ్చి చూడండి. ఇవాళ ఆటు బాగుంది, మడుగు అంచు నుంచే కనపడతాయి."

ఎవరూ వెళ్లలేదు. మ్వాకా పెద్దమ్మ ఒక్కతే ఆమె భుజం మీద చెయ్యి వేసి, కాసేపు నిలబడి తీసేసింది. జువేనా తాళ్లు అప్పటికే మొత్తం పోయాయి. బెండ్లు మాత్రం తేలుతున్నాయి.

చాలామంది పని మానేశారు. మాస్టారుని పంపిన సంఘంవాళ్లు అతన్ని వెనక్కి రమ్మన్నారు. అతను మడుగంతా శుభ్రం చేసి వస్తానని కబురు పెట్టి ఆగిపోయాడు. కుళ్లినవన్నీ ఒడ్డున గొయ్యి తీసి పూడ్చాం. మాస్టారు, జువేనా, నేను. మేం ముగ్గురమే మిగిలాం. దారిలో ఎదురైన ఆడవాళ్లు జువేనాని చూసి పక్కకి తప్పుకునేవాళ్లు. కడుపుతో ఉన్నవాళ్లు కొంగు పొట్ట మీదికి లాక్కునేవాళ్లు. బావి దగ్గర ఆమె నీళ్లు తోడుకున్నాక చేద కడుక్కునేవాళ్లు. అన్నిటికన్నా అదే ఆమెని ఎక్కువ కోసిందని నా అనుమానం, ఎందుకంటే ఆ తర్వాత ఆమె బావికి రావడం మానేసింది. ఆమె కుండ నేనే నింపి తెచ్చేదాన్ని.

గాలి తిరిగి, నీళ్లు కాస్త చల్లబడ్డాక, ఒక రోజు మేం తాళ్లు చుడుతుంటే ఒడ్డు నుంచి ఒక మనిషి నడుచుకుంటూ వస్తూ కనపడింది. కజీజా. నడుం లోతు దాకా వచ్చి ఆగింది. అంతకన్నా ముందుకి రావడం ఆమెకి చేతకాదు. జువేనా తానే అక్కడికి వెళ్లింది. నేను పక్కనే ఉన్నాను, పొమ్మని ఎవరూ అనలేదు.

"వదినకి తెలీకుండా వచ్చాను" అంది కజీజా. "ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పు. నువ్వే చేశావా అక్కా?"

"లేదు."

"ఏ రోజూ అనుకోలేదా?"

జువేనా తాడు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. అబద్ధం చెప్పేస్తే బాగుండునని నేను లోపల అనుకుంటున్నాను.

"అనుకున్నా" అంది చివరికి. "నువ్వు మా వాకిట్లోకొచ్చి నిలబడ్డ రోజు. నీ నడుం చూశాక. ఇది నిలవకపోతే బాగుండు అని ఒక్కసారి అనుకున్నా. ఆ రాత్రంతా క్షమించమని దేవుడికి తౌబా చెప్పుకున్నా. మర్నాడు నా దగ్గరున్న మంచి తాడు నీకు ఇచ్చింది అందుకే. ఆ మాట నోటితో అనలేదు. చేత్తో ఏమీ చేయలేదు. కానీ అనుకోలేదంటే మాత్రం అబద్ధం అవుతుంది. ఇంక నీ ఇష్టం, వెళ్లి అందరికీ చెప్పుకో."

కజీజా ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. ఆమె నీళ్లలో చేతులు ఆడిస్తూ నిలబడింది.

"నేను కూడా అనుకునేదాన్ని" అంది. "నువ్వు ఈతకెళ్లినప్పుడల్లా, ఇవాళ తిరిగి రాకపోతే బాగుండు అని. ఆయన పొద్దస్తమానం జువేనా అయితే ఆక్టోపస్ కూరలో కొబ్బరిపాలు ఇలా పోసేది కాదు, జువేనా అయితే అలా చేసేది కాదు అంటుంటే... చాలాసార్లు అనుకున్నా. నీకేం కాలేదు కదా."

జువేనా ఆమె కేసి చూసింది. "మాకమే నా వంట మెచ్చుకున్నాడా?"

"రోజూ."

"నా దగ్గరున్నన్నాళ్లూ ఉప్పు చాల్లేదనేవాడు!"

ఇద్దరూ నవ్వారని చెప్పలేను. ఇద్దరికీ నోరు వణికింది, అంతే. తర్వాత కజీజా ఏడ్చింది, జువేనా ఆమె తల తన భుజానికి ఆనించుకుని అలాగే నీళ్లలో నిలబడింది. నేను ఒడ్డు కేసి తిరిగాను. షరీఫా గానీ ఎవరైనా గానీ చూస్తున్నారేమోనని.

ఆ మధ్యాహ్నం మడుగు చివర మిగిలిపోయిన దిమ్మ లాగడానికి మనుషులు చాలక, కజీజా కూడా ఒడ్డున నిలబడి తాడు పట్టింది. ఉత్తరపు తల్లులు రెండిట్లో ఒకటి చచ్చింది. రెండోది సగం కుళ్లి, సగం బతికి ఉంది. దిమ్మని తక్కువ నీళ్లలోకి దొర్లించి తిరగేశాం. అడుగున, గరుకు సిమెంటు గుంటల్లో, గోరంత నల్లటి బొట్లు కనపడ్డాయి. మురికి అనుకుని నేను గీకబోయాను.

"ఆగు!" అని అరిచాడు మాస్టారు. నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుండిపోయి, మొహం దగ్గరగా పెట్టి చూశాడు. "ఇవి మనం కట్టినవి కాదు. ఎవరూ కోసినవి కాదు. ఆ రోజు పొగ చూశావే జువేనా, ఇవి వాటి పిల్లలు. ఈదుకుంటూ వచ్చి ఇక్కడ అంటుకున్నాయి. ఇంత వేడిలోనూ బతికాయి."

కజీజాకి అర్థం కాలేదు. జువేనా వివరించింది, మగది బీజం వదలడం, ఆడది పీల్చుకోవడం, పిల్ల ఒంట్లోనే ఎదిగి ఒక రోజు బయటికి ఈదిపోవడం. కజీజా వింటూ, వేలితో ముట్టుకోబోయి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఇన్ని పుడితే ఇవే మిగిలాయా?"

"ఇవే" అంది జువేనా.

ఆ దిమ్మని అలాగే లోతులోకి, చల్లటి చోటికి మార్చాం. ఆ చిన్నవాటిని పెంచడానికి రెండేళ్లు పట్టింది. సగం పైగా చచ్చాయి. మిగిలినవి పెరిగాక చూస్తే ఒకటి బూడిదరంగు, ఒకటి కారునలుపు, ఒకటి బల్లపరుపు, ఒకటి బొంగరం. కొనేవాళ్లు వంకలు పెట్టారు. ఉస్సీ మాస్టారు వెళ్లిపోయాక కూడా జువేనా ఒక్కోదాని ముక్కలూ ఒక్కో తాటికి కట్టి, వాటిని వేరువేరుగా ఉంచింది. దూరపు దిబ్బల నుంచి వేటగాళ్లని బతిమాలి ఇంకో రెండు తల్లుల్ని తెప్పించింది. ఒక్కొక్కరే ఆడవాళ్లు మళ్లీ పనికి వచ్చారు, ముందు మ్వాకా పెద్దమ్మ. "వేలు కోసుకునే వయసు దాటిపోయింది, తాడే కట్టుకుంటా" అంటూ వచ్చింది.

కజీజా మాకమే దగ్గర ఇంకో ఏడాది ఉంది. మళ్లీ కడుపు పండలేదు. షరీఫా నోరు ఆమె మీదికి తిరిగింది. ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా పుట్టింటికి పోయింది. తలాక్ అయ్యాక అక్కడే ఇంకొకర్ని చేసుకుంది, ఇప్పుడు ఒక కొడుకు. ఆమె పిలిస్తే పేరు పెట్టే వేడుకకి నేను వెళ్లాను. జువేనాని కూడా రమ్మంది. జువేనా ఇంటి గుమ్మం దాకా బట్టలు కట్టుకుని తయారై వచ్చి, "వద్దులే. పసివాడికి ఏమైనా జలుబు చేసినా మళ్లీ నా పేరే చెప్తారు" అని ఆగిపోయింది. కొబ్బరి మిఠాయి చేసి నాతో పంపింది. కజీజా అందరి ఎదుటా ఆ మిఠాయి విరిచి పంచి, తానూ తింది. ఎవరు పంపారని అడిగితే పేరు చెప్పింది. కొందరు తమ ముక్క తినకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

జువేనా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లు లేరు. ఆమె కన్ను మంచిది కాదన్న మాట కూడా ఊళ్లో పూర్తిగా పోలేదు. పనికి వస్తారు, ముక్కలు ఆమె దగ్గరే తీసుకుంటారు, కత్తి ఎలా పట్టాలో అడుగుతారు. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం వేరేవాళ్లని పంపి తెప్పించుకుంటారు. ఆమె ఏమీ అడక్కుండా ఇస్తుంది.

ఈ ఏడు కూడా గాలి పడిపోయింది. నిన్న ఆటుకి వెళ్లినప్పుడు నీళ్లు చిక్కగా, వెచ్చగా తగిలాయి. జువేనా నాకన్నా ముందే వచ్చి, మెడ లోతులో, ఒక్కో తాడు పైకెత్తి ఒక్కో స్పాంజీని అరచేత్తో తడిమి, వాసన చూసి వదులుతోంది. నేను బెండు పట్టుకుని దగ్గరికి వెళ్లాను.

"ఎలా ఉన్నాయి?"

"బూడిదరంగువి పోయేలా ఉన్నాయి. మచ్చ పడింది."

"మిగతావి?"

ఆమె ఇంకోటి చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఉంది.

"ఇవాళ్టికి బాగున్నాయి" అని, దాన్ని నీళ్లలోకి వదిలి, తర్వాతి తాడు దగ్గరికి ఈదుకుంటూ వెళ్లింది.